రెండో చేతికి

మా బావగారి కుడిచేతికి రాగి కడియం పడి ఆర్నెల్లయింది. ఆ రాగి చర్మంలోంచి నెత్తుట్లోకి దిగి, మోకాళ్లదాకా వెళ్లి నొప్పులు లాగేస్తుందని ఆయన లెక్క. మణికట్టు చుట్టూ పచ్చటి మరక సాక్ష్యమట. అది చెమటకి పట్టిన చిలుము, సబ్బుతో పోతుంది బావగారూ అంటే నన్ను నాస్తికుడన్నారు.

మొన్న ఇద్దరం బీదరు వెళ్లాం. చౌబారా దగ్గర బిద్రీ దుకాణంలో నల్లటి హుక్కా బుడ్డి ఎత్తి, "ఇందులో రాగి ఉందా?" అని ఆరా తీశారు. ఉంది. సుమారు పదహారు పాళ్ల జింకుకి ఒక పాలు. పోతపోసి, మైలుతుత్తం పూసి, చెక్కి, వెండితీగ తాపడం చేసి, ఆఖర్న కోటలో ఎండావానా ఎరగని మట్టిని నాలిక మీద రుచి చూసి ఎంచుకుని, నవసాగరంతో కలిపి మరిగిస్తేగాని ఆ నలుపు రాదు. పక్కన పెట్టుకుంటే చాలు, రాగి తనంతట తనే పని చేసేస్తుందని బీదరులో ఎవరూ అనుకోలేదు.

మన కాలేయమూ అనుకోదు. తిండిలోంచి వచ్చిన రాగిని అక్కడ ఏటీపీ7బీ అనే ప్రోటీను అందుకుంటుంది. సెరులోప్లాస్మిన్ అనే మరో ప్రోటీనులో ఆరేసి పరమాణువుల చొప్పున పొదుగుతుంది. 1948లో స్వీడన్‌లో హోంబెర్గ్, లారెల్ దాన్ని విడదీసి చూస్తే నీలంగా ఉంది. నెత్తుటి ద్రవంలోని రాగిలో ఎక్కువ భాగం అందులోనే బందీ. మిగిలింది అల్బుమిన్ వంటివాటి గుప్పిట్లో. విడిగా తిరిగేది దాదాపు సున్నా, ఎందుకంటే విడి రాగి విషం. ఈ ఏటీపీ7బీ చెడితే రాగి కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. 1912లో కిన్నియర్ విల్సన్ వివరించిన జబ్బు అదే. మనిషి ఒంట్లో ఉండే రాగంతా కలిపి సుమారు 100 మిల్లీగ్రాములు. బావగారి కడియం 40 గ్రాములు. అంటే నాలుగు వందల మంది సరుకు ఆయన ఒక్క మణికట్టుకే వేలాడుతోంది.

2013లో ఇంగ్లండులోని యార్క్ పరిశోధకులు 70 మంది కీళ్లవాతం రోగులకు రాగి కడియాలూ, అయస్కాంతం పట్టీలూ, ఉత్తుత్తి పట్టీలూ వంతులవారీగా తొడిగి చూశారు. తేడా ఏమీ లేదు. "వాళ్లది తెల్ల చర్మం, దిగదు" అన్నారు బావగారు.

అసలు తమాషా ఆయన జేబులో ఉంది. కరోనా నాటినుంచి రెండు పూటలా 50 మిల్లీగ్రాముల జింకు మాత్ర మింగుతున్నారు. జింకు అంత మోతాదులో పడితే పేగు గోడలో మెటల్లోథయొనిన్ అనే ప్రోటీను పెరిగి, వచ్చిన రాగిని అక్కడే పట్టేసి, రాలిపోయే కణాలతోపాటు బయటికి తోసేస్తుంది. విల్సన్ జబ్బుకి జింకు ఇచ్చేది అందుకే. చేతికి రాగి తొడుక్కుని కడుపులో రాగికి తలుపు మూసే మనిషిని ఇంకెక్కడా చూడలేదు. ఇదంతా విడమరిచి చెప్పాను.

శ్రద్ధగా విని, దుకాణదారు వైపు తిరిగారు. "అయితే జింకూ రాగీ రెండూ ఉన్న బిద్రీ గాజు చూపించు బాబూ. ఎడమచేతికి."