వచ్చిన అంకె వచ్చినట్టు

సైకాలజీలో పీజీ చెయ్యాలనుకునే పిల్లలు ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు నుంచే బిట్లు బట్టీ పడుతున్నారు. 2022లో సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ వచ్చాక ఈ జబ్బు మరీ ముదిరింది. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. జ్ఞాపకశక్తి మీద ఎబ్బింగ్‌హౌస్ పుస్తకం ఎప్పుడొచ్చింది? 1885. టిక్కు. ఆయన చేసిందేమిటని అడగండి, నోరు పెగలదు. అర్థంలేని అక్షరాల గుంపులు వేలకొద్దీ తయారుచేసుకుని, ఏళ్ల తరబడి తన మీద తనే ప్రయోగాలు చేసుకున్న మనిషి. ఆయన ఒక ఆప్షన్‌గా మిగిలిపోతే నాకు కడుపు మండుతుంది.

మా రోజుల్లో ఆయన్ని ల్యాబులో చదివాం. మెమరీ డ్రమ్ము తిరుగుతూ చిన్న కిటికీలో ఒక్కో గుంపునూ చూపించేది. ఇద్దరిద్దరం జతలు. ఒకరు ప్రయోగం చేసేవారు, ఇంకొకరు సబ్జెక్టు. సబ్జెక్టుని కూర్చోబెట్టి బెరుకు పోగొట్టాలి. సూచనలు అందరికీ ఒకే మాటల్లో చెప్పాలి. స్టాప్‌వాచీ అతని కంటబడకూడదు. అద్దంలో చూస్తూ నక్షత్రం చుట్టూ గీత గియ్యమంటే మొనగాళ్లకీ చెయ్యి వంకర్లు పోయేది. అయ్యాక ‘నీకేమనిపించింది?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఎదుటి మనిషి మాటలో నా మాట కలపకుండా వినడం నేను నేర్చుకున్నది అక్కడే.

లెక్కలన్నీ గారెట్ పుస్తకం ముందేసుకుని చేత్తోనే. ఒక కోరిలేషన్ తేలేసరికి పొద్దుగూకేది. ఒకసారి కంటిని మోసం చేసే ముల్లర్-లయర్ గీతల ప్రయోగంలో, బాణం గీతా ఈకల గీతా సమానం చెయ్యమంటే, మా సబ్జెక్టు దాదాపు పొరపాటే చెయ్యలేదు. పొరబడతారని పుస్తకం చెప్పేది. అంకెలు దిద్దేద్దామన్నాడు నా జతగాడు. మేడం విన్నారు. "వచ్చింది రాయండి. ఎందుకలా వచ్చిందో డిస్కషన్‌లో రాయండి" అన్నారు. ఆ పేజీకే మాకు ఎక్కువ మార్కులు వేశారు.

ఇప్పుడు సీనియర్ల రికార్డు చూసి దించుకుంటున్నారు. చెయ్యని ప్రయోగానికి అంకెలు పుట్టిస్తున్నారు. ఇది పిల్లల చిలిపితనమని నేననుకోను. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదట వాటిలో 97 శాతం గణాంకాల పరీక్షలో నెగ్గినవే. మళ్లీ చేస్తే నెగ్గినవి 36 శాతమే. అన్నీ మోసాలని కాదు. అయినా నచ్చిన అంకెను ఏరుకునే అలవాటు ఈ శాస్త్రానికి ఎంత నష్టం తెచ్చిందో డిగ్రీలోనే తెలియాలి.

ఇక ఇంటర్న్‌షిప్పులు. డబ్బు కట్టి, ఫోన్లో నాలుగు క్లాసులు విని, సర్టిఫికెట్ తెచ్చుకోవడం. అందరికీ క్లినికల్ సైకాలజిస్టు కావాలనే ఉంది. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ లేనిదే ఆ పేరు పెట్టుకోవడానికి లేదు. ఆ శిక్షణ రోగి ఎదుట కూర్చుని చేసేది. ఒక్క మనిషితో గంటసేపు ఓపిగ్గా కూర్చోలేని పిల్ల రేపు అక్కడ ఏం చేస్తుంది?

పైగా మాకు లేనివన్నీ వీళ్లకున్నాయి. ఒక్క పరిశోధనా వ్యాసం కోసం మేం నెలలు ఎదురుచూసేవాళ్లం, ఇప్పుడు ఎన్నో ఉచితం. జాస్ప్ లాంటి సాఫ్ట్‌వేర్ పైసా లేకుండా క్షణంలో కోరిలేషన్ తేల్చిపెడుతుంది. మిగిలిన సాయంత్రం ఏమవుతోందంటే, ఇంకో మాక్ టెస్టు.

డిగ్రీ కాలేజీల్లోని మాస్టార్లని నేను చేతులెత్తి అడుగుతున్నాను, ల్యాబు తాళం తియ్యండి. ప్రాక్టికల్ పరీక్షకు వారం ముందు కాదు, జూన్‌లోనే తియ్యండి.

మా తమ్ముడి మనవరాలు ఈ ఏడే ఎంట్రన్స్ రాస్తోంది. ఈ ప్రయోగాల మాటెత్తితే, "ఇవన్నీ సిలబస్‌లో లేవు తాతయ్యా, టైమెక్కడిది?" అంది. ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నాను. వచ్చేటప్పుడు స్నేహితుల్ని ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకు రమ్మన్నాను, సబ్జెక్టులు కావాలి కదా.