అట్టముక్క వాక్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: మెదక్ జిల్లా కొల్చారానికి చెందినవాడని ప్రసిద్ధి పొందిన మల్లినాథసూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసేటప్పుడు ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల మొదలుకొని హైదరాబాదు శిల్పారామం దాకా చేనేత ప్రదర్శన ఎక్కడ పెట్టినా, బల్ల చివర చీరెల కుప్ప మీద అట్టముక్కకెక్కే వాక్యమొకటి ఆయన కాలానికి ఇంకా పుట్టలేదు గనుక, దాని వ్యాఖ్యానభారం తరువాతివారి మీద పడింది. పై నియమాల్లో మొదటిదాన్ని ఈ వ్యాఖ్య పాటిస్తుంది. రెండవదానికి పూచీ లేదు.

మూలము: డ్యామేజ్ చీరెలు సగం ధరకే. చూసి తీసుకోగలరు. వాపసు లేదు.

టీక (అనగా పదానికి పదం అర్థం విప్పి చెప్పునది): డ్యామేజ్ = ఏదో ఒక లోపము గలిగిన; చీరెలు = మగ్గము దిగిన వస్త్రములు; సగం ధరకే = అసలు ధర ఎంతో చెప్పకయే అందులో సగమునకు; చూసి = కన్నులతోను, కళ్లజోడు ఇంట మరచినవారు వేళ్లకొసలతోను పరీక్షించి; తీసుకోగలరు = తీసుకొనుడని ప్రార్థన, పిదప బాధ్యత మీదేయని హెచ్చరిక; వాపసు లేదు = సొమ్ము గల్లాపెట్టెలో పడిన పిమ్మట అమ్మకందారునకు వినికిడి తగ్గునని అర్థము.

తాత్పర్యము: లోపమున్నదని మేము ఒప్పుకొంటిమి, ఎక్కడున్నదో మీరు వెదకుకొనుడు, ఇక్కడ దొరకనిచో ఇంటికి పోయిన తరువాత దొరకును.

విశేషములు: ‘డ్యామేజ్’ అన్న మాట కింద రెండు వేర్వేరు సంగతులు తలదాచుకుంటున్నాయి. నిలువునా సాగే పోగులను పడుగు అనీ, వాటి నడుమ అడ్డంగా నాడెతో నేసే పోగును పేక అనీ అంటారు. పడుగుపోగు తెగినా గమనించక నేసుకుంటూ పోతే బట్టలో నిలువుగీత పడుతుంది, పేక తప్పితే అడ్డంగా పలుచని చార కనిపిస్తుంది, నూనెచుక్కో రంగు మరకో పడవచ్చు. ఇవి లోపాలే. అయితే తెగిన పోగును ముడివేసి అతికిన చోట వేలికి తగిలే చిన్న గరుకు, అక్కడక్కడ నూలు కాస్త లావెక్కడం చేతిపని ఆనవాళ్లే తప్ప చెడిపోవడం కాదు, వాటికి సగం ధర కట్టడం నేతగాడు తనకు తాను చేసుకునే అన్యాయం. వేల మరమగ్గాలు ఆడే సిరిసిల్ల చుట్టుపక్కల ఈ తేడా మరీ ముఖ్యం. ఒక్క పోగు కూడా తప్పని మరమగ్గం చీరెను చేనేత అని చెప్పి అమ్మితే ఆ అబద్ధం ఏ చిరుగు కన్నా పెద్దది, దానికి మాత్రం ఎవరూ అట్టముక్క పెట్టరు. మరమగ్గం పోటీ నుంచి కాపాడడానికి 1985 నాటి చట్టం కొన్ని రకాల నేతను చేతిమగ్గానికే కేటాయించింది, ఈ అబద్ధాన్ని అడ్డుకోవడానికి 2006లో చేనేత గుర్తు వచ్చింది.

‘సగం ధర’ అన్నది బద్ధకపు లెక్క. కరీంనగర్ వెండి తీగపనిలో తీగ విరిగితే కరిగించవచ్చు, వెండి వెండిగానే మిగులుతుంది, పోయేది కూలి ఒక్కటే. నేసిన చీరె మళ్లీ నూలుండ కాదు. కనుక చీరె ధర లోపమున్న చోటును బట్టి తగ్గాలి. నడుముకు దోపుకునే కొసలో పేక తప్పితే అది కట్టుకున్నామెకు తప్ప లోకానికి తెలియదు, అదే తప్పు కొంగు మీద ఉంటే పెళ్లిపందిట్లో అందరూ చూస్తారు. ఈ రెంటికీ ఒకే ధర పెట్టేవాడు లోపాన్ని చూడలేదన్నమాట.

‘చూసి తీసుకోగలరు’ అన్నచోట పూర్వపక్షం, అనగా ఎదుటివారి వాదం, ఇది: కొనేవారు స్వయంగా పరీక్షించారు గనుక అమ్మేవారికి దోషం లేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కొంతవరకు ఈ పక్షమే; పరీక్షలో బయటపడవలసిన లోపాల గురించి తరువాత తగువు పెట్టుకోరాదంటుంది. సిద్ధాంతం మాత్రం వేరు. పరీక్షకు అందని లోపానికి ఆ రక్షణ లేదు, తెలిసిన లోపాన్ని పనిగట్టుకొని కప్పిపుచ్చితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని మోసమనే పిలుస్తుంది. మరక లోపలికి పోయేటట్టు మడిచి గుండుసూది గుచ్చడం, పెచ్చు లేచిన కొయ్యబొమ్మకు లప్పం పెట్టి రంగు వేసి కొత్తదని అమ్మడం ఈ కోవలోవి. ఉన్నిబట్టల మిల్లుల్లో లోపమున్న ప్రతిచోటా బట్ట అంచుకు రంగుదారం కట్టే పద్ధతి ఉంది. చేనేత బల్ల మీదికి ఈ దారం రావడానికి మూరెడు నూలు చాలు.

‘వాపసు లేదు’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా, తిరిగి తీసుకోనని మొరాయించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. చూపించి, బిల్లు మీద రాసి అమ్మినవాడికి ఆ మాటతో పనిలేదు. దాచి అమ్మినవాడిని ఆ మాట కాపాడదు.

ఆక్షేపము: వేలుపెట్టి చూపిస్తే కొనేవారు ఇంకా బేరమాడతారు కదా. సమాధానము: మల్లాపూర్, కోరుట్ల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు బల్ల ముందుకు వస్తే అట్టముక్క చదివి ఊరుకోరు. తాము చుట్టిన బీడీలను పనికిరావని పక్కన పడేస్తే ఎంత నష్టమో వారికి తెలుసు. అట్లాంటి తగువులు విచారించడానికి 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఏర్పాటు చేయవలసి వచ్చింది. “ఏడ ఖరాబైంది, చూపెట్టు” అన్నది వారి మొదటి మాట. దానికి నేరుగా జవాబు చెప్పినవాడితో బేరం ఒక్క మాటలో తెగుతుంది, నీళ్లు నమిలినవాడితో సాయంత్రం దాకా సాగుతుంది.

పాఠాంతరము, అనగా మూలానికి బదులుగా చదువుకోదగిన పాఠం: “ఈ చీరెలో కొంగుకు జానెడు కింద ఒక పేక తప్పింది, ఎర్రదారం కట్టినచోట చూడండి. అసలు ధర ఇంత, ఇప్పటి ధర ఇంత. చెప్పని లోపం కనబడితే తిరిగి తీసుకుంటాం.” అట్టముక్క కొంచెం పెద్దది కావాలి, అంతే. ఈ పాఠమే గ్రాహ్యము.