చరిత్రకారుడు కావలెను, చరిత్ర తెలిసినవారు రానక్కరలేదు

పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఎం.ఏ. హిస్టరీ అనగానే అమ్మాయి మేనమామ "అయ్యో" అన్నాడట. ఇంటర్లో కూడా హెచ్.ఇ.సి.యే అని తెలిశాక ఆ ముక్క కూడా అనలేదు, కాఫీ కప్పు కింద పెట్టి చెప్పులు వెతుక్కున్నాడు.

ఈ అపోహ పోవాలి. తెలుగునాట చరిత్రకున్న గిరాకీ సన్నబియ్యానికి కూడా లేదు.

కుల సంఘాన్నే చూడండి. కార్తీక వనభోజనాల నాటికి సావనీరు అచ్చవాలి, అందులో కాకతీయులు మనవాళ్ళేనని తేలాలి. నాలుగు సెమిస్టర్లు చదివిన పాపానికి మీరు నోరు జారి, "అయ్యా, కొన్ని శాసనాలు వాళ్ళను చతుర్థ కులమన్నాయి, మోటుపల్లి శాసనం సూర్యవంశానికి ముడిపెట్టింది" అంటారు. "అవన్నీ ఎందుకండీ, మనకు పనికొచ్చే శాసనం ఏ ఊళ్ళో ఉంది?" అంటారు అధ్యక్షులవారు. లేదంటారు మీరు. "అయితే చెక్కిద్దాం. క్వారీ మా బావమరిదిదే."

పోనీ నిజమైన శాసనం గొప్పతనం చెబుదామని చందుపట్ల కథ ఎత్తుకుంటారు. రుద్రమదేవి ఎప్పుడు పోయిందో చెప్పిన రాయి అది, 1289 నాటిది. వేయించింది రాజు కాదు, మంత్రి కాదు, పువ్వుల ముమ్మడి అనే ఓ కొలువుకాడు. అధ్యక్షులవారి కళ్ళు మెరుస్తాయి. "ముమ్మడి... మనవాడేనా?"

ఇది నచ్చకపోతే సినిమా ఉంది. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం కలుసుకున్న దాఖలా లేదని చెప్పడానికి ఎం.ఏ. కావాలి. ఇద్దరినీ కలిపి గంతులేయించడానికి అక్కర్లేదు. ఆ రెండో పనికే డబ్బులిస్తారు.

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో మరో వింత. ఇంజనీరింగ్ చదివినవాడు చరిత్ర చెబుతాడు, ఇంజనీరింగ్ చదివినవాడు వింటాడు, వాడే గ్రూప్-1 కొడతాడు. మన ఎం.ఏ. వాడు "తొలి తెలుగు శాసనం ఏది?" దగ్గరే చతికిలబడతాడు. కలమళ్ళ అని వాడికి తెలియక కాదు. ఆ రాయి మీద తేదీ లేదు, క్రీ.శ. 575 ప్రాంతమనేది లిపిని బట్టి కట్టిన లెక్క, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో రాయి బయటపడితేనో అని నాలుగు ఆప్షన్ల మధ్య తిరుగుతుంటాడు. ఈలోగా బెల్లు కొట్టేస్తారు. అనుమానించడం నేర్పే చదువు చదివించి, అనుమానానికి సున్నా మార్కులు వేస్తే వాడేం చేస్తాడు?

నెట్ కూడా పాసైతే గెస్ట్ లెక్చరర్ కావచ్చు. గంటకింత. పేరుకు అతిథే, వేసవి సెలవుల్లో మాత్రం భోజనం పెట్టరు.

ఇవన్నీ ఒల్లక, నిజంగానే శాసనాలు చదువుతానని బయల్దేరాడొకడు. ఊరి చివర కట్ట పక్కన రాయి కనబడింది. బ్రష్షుతో నాచు రుద్ది, నీళ్ళతో కడిగి, తడికాగితం అంటించి, సిరా అద్దుతున్నాడు. పది నిమిషాల్లో ఊరంతా చుట్టూ చేరింది.

"ఎంత లోతులో ఉందని రాసుంది?"

"ఏది?"

"నిధి."

నిధి కాదు, చెరువు తవ్వించిన సంగతి ఉందన్నాడు. చివరి వరుసలు వేలు పెట్టి చదివాడు. ఈ ధర్మాన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపినంత పాపాన పోతాడట. జనం కాసేపు కట్టకేసి చూశారు. దాని వెనక చెరువు లేదు, సున్నం పూసిన హద్దురాళ్ళు వరుసగా ఉన్నాయి.

తెల్లచొక్కా ఆయన ఒకరు ముందుకొచ్చి వాడి భుజం తట్టారు.

"బాగా చదువుతున్నావు తమ్ముడూ. ఆ తవ్వించిన రాజు పేరేంటో చెప్పు, వెంచర్‌కి పెట్టేద్దాం. పాపం సంగతి బ్రోచర్లో వద్దులే."

వాడికి ముట్టిన మొదటి పారితోషికం అదే. ఐదువేలు, క్యాష్.