విడుదల దస్తావేజు

షాద్‌నగర్‌లో, తహసీల్దార్ ఆఫీసుకు కూతవేటు దూరంలో, దస్తావేజులు రాసే ఒక చిన్న దుకాణం. 2020లో ధరణి పోర్టల్ వచ్చి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ చేతికి మారినప్పటి నుంచి అక్కడి బెంచీలు పొద్దున్నే నిండుతాయి. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ప్రింటరు ఆగింది. స్లాటు మూడింటికి గనక ఎవరూ లేవలేదు.

బెంచీ మీద తల్లీ కొడుకూ కూర్చున్నారు. తల్లి ఒళ్లో పాలిథిన్ కవరు. అందులో పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్ జిరాక్సులు, అప్పు పూర్తిగా తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం. కొడుకు మెడలో కంపెనీ ఐడీ కార్డు. కొత్తూరులో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. పక్క కుర్చీలో ఒక పెద్దాయన, ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరైనవాడు. సర్వే నంబరు సవరణ కోసం వచ్చాడు.

“విడుదల ఎవరి పేరు మీద రాయాలె?” అని డాక్యుమెంట్ రైటర్ అడిగాడు.

“మా అమ్మ పేరు మీద” అన్నాడు కొడుకు. చేతిలోని చిత్తు కాగితం చదువుతూ ఒక మాట దగ్గర ఆగి, పెద్దాయన వైపు తిరిగాడు. “సార్, ఇది మార్టిగేజా, మార్గేజా?”

“మార్గేజ్. నడుమ ఉన్న ‘టి’ పలకరు బిడ్డా. పలకకున్నా రాసుడు మానలే. ఆ మాట పుట్టువు అండ్లనే ఉన్నది.”

పాఠం చెప్పి చాలా కాలమైన మనిషి. అడిగినవాడు దొరికేసరికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“1066ల నార్మన్లు ఇంగ్లండును గెలిచిండ్రు. అప్పటి నుంచి అక్కడి కోర్టులల్ల, కాగితాలల్ల ఫ్రెంచి మాటలు నిండినయి. మనకు నిజాం జమానల ఉర్దూ నిండినట్లు. మన దగ్గర గిర్వి, రెహన్ అన్నట్లు వాళ్ల దగ్గర ఈ మాట వచ్చింది. ‘మోర్’ అంటే చచ్చిన. ‘గేజ్’ అంటే కుదువ. రెండూ కలిపితే చచ్చిన కుదువ. దవాఖానల మార్చురీ అంటం గదా, ఆ ‘మార్చు’ ఇదే. మన మృతుడు, మృత్యువు కూడ ఇదే కుదురు. లాటిను, సంస్కృతం దూరపు చుట్టాలు.”

కొడుకు ఒకసారి తల్లి వైపు చూశాడు. తల్లి కవరు మూతి మడిచి, మళ్లీ విప్పింది.

“కుదువకు చావేంది సార్?”

“అడగాల్సిన మాట అడిగినవు. ఎనిమిది వందల ఏండ్ల కింద, 1180ల చివర్ల, గ్లాన్‌విల్ పేరు మీద ఒక న్యాయగ్రంథం వచ్చింది. అండ్ల రెండు తీర్ల కుదువ చెప్పిండ్రు. నీ చేను షావుకారు చేతికి పోయింది. పంట ఆయన తింటున్నడు. ఆ పంట విలువ నీ అప్పుల నుంచి తీసేస్తున్నడనుకో, అది బతికిన కుదువ. ఏండ్లు గడిస్తే అప్పు దానంతటదే తీరుతది. పంట తింటనే ఉన్నడు, అసలు మాత్రం అంతే ఉన్నదనుకో, అది చచ్చిన కుదువ.”

అంతవరకు మాట్లాడని తల్లి తలెత్తింది. “మా అత్త చెప్పేది సారూ. ఎనకట చేను గిర్వి పెడితే పంట షావుకారు ఇంటికే పోయేదట. అసలు అసలే ఉండేదట.”

“అదే తల్లీ. దేశాలే వేరు” అన్నాడు పెద్దాయన. “మనకు 1882ల వచ్చిన ఆస్తి బదిలీ చట్టం, 58వ సెక్షన్ల, ఆరు రకాల తనఖాలు రాసింది. స్వాధీన తనఖా అంటే మీ అత్త చెప్పిన తీరుదే, చేను అప్పిచ్చినోని చేతిల పెట్టుడు. ఇంగ్లీషు తనఖా అని అదొకటి వేరే ఉంది. ఏ రకమైనా సరే, బాకీ కట్టి ఆస్తి వాపసు అడిగే హక్కు రైతుకు ఉంటదని 60వ సెక్షన్. ఇయ్యాల మీరు వాడుకుంటున్నది ఆ హక్కునే.”

రైటర్ తల వంచుకుని కాగితాలు సర్దుతున్నాడు. ఆ ఇంటి సంగతి ఆయనకు తెలుసు. ఏమీ అనలేదు.

“చావు సంగతి తర్వాత ఇంకొకాయన ఇంకో తీరు చెప్పిండు” అని పెద్దాయన అందుకున్నాడు. “థామస్ లిటిల్టన్ అని న్యాయమూర్తి, 1481ల పోయిండు. ఆయన రాసిన పుస్తకానికి 1628ల ఎడ్వర్డ్ కోక్ వ్యాఖ్యానం రాసిండు. వందల ఏండ్లు ఇంగ్లీషు వకీళ్లు అది చదువుకునే పైకొచ్చిండ్రు. ఆయన లెక్క ఇట్ల. గడువుకు బాకీ కట్టకపోతివా, భూమి నీకు చచ్చినట్లు. కట్టితివా, కుదువ అప్పిచ్చినోనికి చచ్చినట్లు. ఎట్లైనా ఒక చావు ఖాయం. ఎవరి తరఫున అన్నదే తేలాలె.”

కొడుకు ఆ మాటను లోపల్లోపలే తిప్పుకున్నాడు. “మరి ‘గేజ్’ ఎక్కడిది సార్?”

పెద్దాయన కళ్లు మెరిశాయి. “అదే అసలు ముచ్చట. గేజ్ అంటే మాట ఇచ్చి, దానికి జామీనుగ ఏదన్న పెట్టుడు. ఆ ఒక్క వేరు నుంచి ఎన్ని కొమ్మలో చూడు. ఎంగేజ్‌మెంట్ అందుల నుంచే. కూలికి వాళ్లు వేజ్ అంటరు, అది గేజ్‌కే ఇంకో పలుకుబడి. వెడ్డింగ్ గూడ ఆ వంశమే. పాత ఇంగ్లీషుల ‘వెడ్’ అంటే జామీను. పెండ్లి, కూలి, కుదువ, మూడూ ఒక తల్లి పిల్లలు.”

“మా ఇంట్ల మూడూ అయినయి సార్” అన్నాడు కొడుకు. మాట నెమ్మదిగా వచ్చింది. “మూడెకరాల పది గుంటలు మాది. మా తాత కౌలుదారు. 1950 కౌలు చట్టం కింద 38-ఇ సర్టిఫికెట్ వచ్చి పట్టా అయింది. నాయన బోరు వేస్తనని 2016ల బ్యాంకుల మూడు లక్షలు తీసిండు. ఒక బోరు వేస్తే దుమ్ము లేచింది. ఇంకోటి రెండు కార్లు పోసి ఆగింది. మిగిలిన పైసలు అక్క ఎంగేజ్‌మెంటుకు, పెండ్లికి పోయినయి. నేను ఇంటరు కాంగనే కూలికి ఎక్కిన. నాయన మాత్రం చేను ఇడువలే. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మక్క. పైసలు అందిన ఏడు వడ్డీ కట్టి వచ్చేటోడు, అసలు ముట్టకపోయేది. కట్టలేని ఏండ్లు కలిసి బాకీ 4 లక్షల 60 వేలైంది.”

38-ఇ అన్న మాట వినగానే పెద్దాయన ముఖంలో గౌరవం కనిపించింది. దున్నేవాడికి భూమి దక్కాలని ఈ నేల చేసిన పెద్ద పోరాటాల తర్వాత వచ్చిన చట్టమది. కౌలుదారు కొడుకుగా పుట్టి పట్టాదారుగా బతకడం ఇక్కడి వేల ఇళ్లలో ఒక తరం సాధించిన గెలుపు. అలాంటి చేను వేలానికి పోతే పోయేది మూడెకరాలు మాత్రమే కాదు, ఆ తరం బతుకంతా.

“అయితే లిటిల్టన్ చెప్పిన రెండు చావులల్ల మంచిది మీకు దక్కింది చెల్లె” అన్నాడు పెద్దాయన, మనస్ఫూర్తిగా. “కుదువ చచ్చింది, భూమి దక్కింది. బోరు నీళ్లు లేని మూడెకరాల మీద 4 లక్షల 60 వేలు తీర్చుడంటే మాటలా? ఎంతమంది రైతులకు అయితది? ఏ పంట ఆదుకున్నది తల్లీ, పత్తా, మక్కనా?”

కరెంటు వచ్చింది. ప్రింటరు చప్పుడు చేస్తూ కాగితాన్ని లోపలికి లాక్కుంది.

“పంట గాదు సారూ” అన్నది తల్లి. “రైతుబీమా.”

పెద్దాయన తర్వాతి మాట గొంతులోనే ఆగింది. రైతుబీమా అంటే ఏమిటో షాద్‌నగర్‌లో ఎవరూ ఎవరికీ విప్పి చెప్పరు. 2018 ఆగస్టులో మొదలైన పథకమది. పాసు పుస్తకం ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ల వయసులో ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు ఇస్తారు. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. పది రోజుల్లో డబ్బు చేరాలన్నది నియమం. దిక్కు పోయిన ఎన్నో ఇళ్లను నిలబెట్టిన పథకం, దాని మేలు కాదనలేనిది. కానీ ఏళ్ల తరబడి వేసిన పత్తీ మక్కా కలిసి తేలేని డబ్బును, ఆ చేను దున్నిన మనిషి ప్రాణం పది రోజుల్లో తెచ్చింది. బతికున్న రైతు చేతికి అందని విడుదల, పోయిన రైతు పేరు మీద వచ్చింది. ఈ లెక్క సరైనదని ఏ గ్రంథం, ఏ చట్టం ఒప్పుకుంటుంది?

రైటర్ కాగితం తీసి తల్లి ముందు పెట్టాడు. “ఈడ వేలిముద్ర పెట్టమ్మా.”

ఆమె ఎడమ బొటనవేలు ఇంకు ప్యాడు మీద అద్ది, చూపిన చోట గట్టిగా నొక్కింది. కొంగుకు వేలు తుడుచుకుంది.

“బ్యాంకుకు పోంగ మిగిలిన 40 వేలు దినాలకు అయినయి” అన్నాడు కొడుకు. “పోయినేడు మే నెల సార్. చేన్ల దుక్కి చేయిస్తుంటే గుండె ఆగింది. అంతకుముందు ఒక్కనాడు దవాఖానకు పోయిన మనిషి గాదు. ఆధార్ల 59 నడుస్తుండె. ఆగస్టుల బీమా రెన్యూవల్ చేసేటప్పుడు 60 నిండినోళ్ల పేర్లు తీసేస్తరు.”

“నీకు ఎంత కష్టం వచ్చె తల్లీ” అన్నాడు పెద్దాయన. “ఇంకొన్నేండ్లు ఉండాల్సిన మనిషి.”

తల్లి పాసు పుస్తకం కవర్లో పెట్టుకుంటూ అన్నది:

“ఇంకో మూడు నెల్లు బతికుంటే చేను పోతుండె సారూ.”