స్నానాలగది కడ్డీ ఆత్మకథ

నేను స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీని. కమోడ్ పక్కన గోడకు నన్ను బిగిస్తారు. గుప్పిట్లో ఇమిడే లావు, గోడకూ నాకూ మధ్య వేళ్లు దూరేంత సందు, ఇంతే నా రూపం. శానిటరీ షాపులో నా పక్కనే టవల్ రాడ్ వేలాడుతుంది. చూపుకు ఒకేలా ఉన్నా మా పనులు వేరు. అది తువ్వాలును మోస్తుంది, నేను మనిషిని మోయాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం నాలాంటి కడ్డీ సుమారు 113 కిలోల బలానికి ఆగాలి, నేల నుంచి 33-36 అంగుళాల ఎత్తున ఉండాలి. కాలు జారినప్పుడు చెయ్యి ఏది అందితే దాన్ని పట్టుకుంటుంది. అందింది టవల్ రాడ్ అయితే స్క్రూలతో సహా ఊడి రావచ్చు.

పెద్దవాళ్లు పడితే ‘వయసు మీద పడింది, ఏం చేస్తాం’ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. మోకాళ్లు బలహీనపడటం, చూపు మందగించడం, కొన్ని బీపీ మాత్రల వల్ల లేవగానే కళ్లు తిరగడం నిజమే. కానీ వాటికి నున్నటి తడి టైలు, వెలుతురు లేని మెట్లు తోడైతేనే చాలాసార్లు తుంటి ఎముక విరిగేదాకా వస్తుంది. వయసును వెనక్కి తిప్పలేం, ఇంటిని మాత్రం మార్చుకోగలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోయి ప్రాణాలు కోల్పోతున్నారు, వారిలో 60 దాటినవాళ్లే ఎక్కువ. న్యూజిలాండ్‌లోని తరనాకిలో 842 ఇళ్లను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టు ఇళ్లకు ముందుగా కడ్డీలు, మెట్లకు రెయిలింగులు, ఆరుబయట లైట్లు, కాలు జారని పూతలు అమర్చారు. ఇంట్లో పడి గాయపడటం ఆ జట్టులో 26 శాతం తగ్గిందని 2015లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించింది. ఆ ఇళ్లలో అన్ని వయసులవాళ్లూ ఉన్నారు.

‘కడ్డీలెందుకు, వ్యాయామం చేయిస్తే చాలదా?’ అని అడిగేవాళ్లున్నారు. కాళ్లకు బలమూ, ఒంటికి నిలకడా ఇచ్చే వ్యాయామం పడటాన్ని తగ్గిస్తుంది, చేయించాల్సిందే. అయితే ఆ బలం రావడానికి నెలలు పడుతుంది, నన్ను బిగించడానికి ఒక పూట చాలు. అందరికీ నేను సమానంగా పనికొస్తానా అంటే, రాను. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2023 నాటి కోక్రేన్ సమీక్షలో, ఇంట్లోని ప్రమాదాలను తొలగిస్తే పడే ముప్పు ఎక్కువున్నవాళ్లలో పడటం 38 శాతం తగ్గింది. ముప్పు చూడకుండా అందరినీ కలిపి తీసుకున్నచోట అలాంటి మేలు కనిపించలేదు. కాబట్టి ఏడాదిలో ఒకసారైనా పడినవాళ్లు, తూలుతూ నడిచేవాళ్లు, లేవడానికి ఆసరా వెతుక్కునేవాళ్లు ఉన్న ఇల్లే నాకు మొదటి చోటు.

‘కడ్డీ పెడితే ముసలివాళ్లమని ఒప్పుకున్నట్టే’ అన్న సంకోచం ఇంకా బలమైనది. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఒకసారి పడినవాళ్లు భయంతో నడక తగ్గిస్తారు, నడక తగ్గితే కాళ్లు ఇంకా బలహీనపడతాయి. ఇంకొకరు చెయ్యి పట్టుకోకుండా స్నానానికి వెళ్లి రాగలగడమే గౌరవం, దాన్ని నిలబెట్టడానికే నేనున్నాను. ఇక కాలికి తట్టుకునే గడప తీసేయడానికి మనసొప్పని ఇళ్లుంటాయి. తీయక్కర్లేదు, పసుపు రాసిన గడప నేల రంగులో కలిసిపోకుండా కంటికి ఆనుతుంది, దాని పైన రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెడితే మరీ మంచిది. అద్దె ఇల్లయితే నన్ను బిగించడానికి యజమానిని అడిగి గోడకు రంధ్రాలు వేయించుకోవాలి. రబ్బరు కప్పులతో అతుక్కునే కడ్డీలను మనిషి బరువుకు నమ్మకూడదు.

అమ్మానాన్నల ఇంటికి వెళ్లినప్పుడు మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రిపూట వాళ్లతో కలిసి నడిచి చూడండి. వాళ్ల చెయ్యి ఎక్కడెక్కడ గోడను వెతుక్కుంటుందో గుర్తుపెట్టుకుని, ఆ చోట్ల నన్ను బిగించండి.