బురుజు కింద స్టాండేసిన సైకిల్‌ను

నేను కోరుట్ల సైకిల్‌ను. గేర్లు లేవు, షోకులు లేవు. నన్ను తొక్కేది బడిలో సాంఘికశాస్త్రం చెప్పే సారు. సెలవులొస్తే ఆయనకు ఊళ్లు తిరిగే పిచ్చి, నాకు టైర్లు అరిగే యోగం.

ఈసారి వీర భైరాన్‌పల్లి అన్నాడు. చైనుకు నూనె పెట్టి, క్యారియర్‌కు సంచి కట్టి జగిత్యాల, వేములవాడల మీదుగా తొక్కాడు. సిరిసిల్ల చేరేసరికి పొద్దుగూకింది. సాంచెలు నడిపే దోస్తు ఇంట్లో ఆ రాత్రి మకాం.

సారు భైరాన్‌పల్లి పోరు ముచ్చట తీస్తే, "యుద్ధమంటే బోర్డర్ల అయితది గదనే?" అని దోస్తు అడిగాడు.

"మన దిక్కు గూడ అయిందన్నా" అన్నాడు సారు.

సిద్దిపేట దాటి పోయి, భైరాన్‌పల్లి బురుజు కింద నాకు స్టాండేశాడు. తల ఎత్తినట్టుగా నిలబడి ఉందది. పక్కనే అమరుల స్తూపం.

1948లో ఈ ఊరు నిజాం ఏలుబడిలో, జనగామ తాలూకాలో ఉండేది. నిజాం కొమ్ముకాసే సాయుధ మూకలు రజాకార్లు దోపిడీకి వస్తుంటే ఊరివాళ్లే రక్షక దళం కట్టుకున్నారు. బురుజు మీద కాపలా, చేతిలో ఒడిసెలలు, బర్మార్ తుపాకులు. వచ్చినవాళ్లను తరిమికొట్టారు కూడా. ఆ పగతో ఆగస్టు 27న తెల్లవారకముందే రజాకార్లు నిజాం బలగాలతో, ఫిరంగులతో ఊరిని చుట్టుముట్టారు. బురుజు మీది యువకులు నేలకొరిగాక ఇళ్లల్లోంచి మగవాళ్లను ఈడ్చుకొచ్చి, వరుసగా నిలబెట్టి కాల్చారు. ఒక్క పూటలో తొంభైమందికి పైగా పోయారు. పక్కనున్న కూటిగల్‌నూ వదల్లేదు.

సారు బురుజు చుట్టూ తిరిగాడు. దారి పొడుగునా నోరు మూయని మనిషి, కోరుట్ల దాకా నాతో ఒక్క ముచ్చటా చెప్పలేదు.

బడి తెరిచారు. నన్ను తరగతి కిటికీ పక్కనే నిలుపుతాడు కాబట్టి పాఠాలన్నీ నాకూ వినబడతాయి. ఆ రోజు లెక్క ఇచ్చాడు: "ఆగస్టు 27 నుంచి సెప్టెంబర్ 13కు ఎన్ని రోజులు?"

"17 సార్!"

"13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలకు వచ్చింది. 17న నిజాం లొంగిండు. పని అయిదు రోజులల్ల ఒడిసింది."

ఒక పిల్ల లేచింది. "మరి జెర ముందుగాల్నే ఎందుకు రాలే సార్?"

"ఏడాది దాకా ఉన్నది ఉన్నట్టే ఉండాలని 1947 నవంబర్‌ల ఢిల్లీ, హైదరాబాద్ ఒప్పందం రాసుకున్నయి బిడ్డా. గా కాయితంల నిజాం గద్దెకు జాగ దొరికింది గాని, భైరాన్‌పల్లికి దొరకలే."