లెక్క

2020 మార్చి 25న లాక్‌డౌన్ పడగానే తమిళనాడులోని కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి చుట్టుపక్కల అగ్గిపెట్టెల పనీ పటాసుల పనీ ఆగిపోయాయి. ఆ పనుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. నల్లరేగడి మీద వానను నమ్ముకున్న సేద్యం ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా తిండి పెట్టదు. కూలి ఆగిందంటే పొయ్యి ఆగినట్టే.

ఈ పక్క పల్లెల్లో తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. చదువూ రాతా తమిళం. తమిళ రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసేవల్ కోవిల్‌పట్టికి దగ్గరే. ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ ఇక్కడికి వలస వచ్చిన తెలుగువాళ్ల కథే.

మా పెదనాన్నగారి అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ కూడా ఆ ఏప్రిల్‌లో మాస్కులు దొరక్క పాత దుప్పట్లు కత్తిరించి కుట్టుకున్నారట. మన ఊరి ఆడవాళ్లకు పని కల్పిద్దామని స్నేహితురాళ్ల దగ్గర పోగుచేసి డబ్బు పంపింది. మాస్కుకు ఇంత అని లెక్కకట్టకుండా రోజుకూలి ఇవ్వాలంది. ఆ మాట నాకెంతో నచ్చింది. ముక్కల లెక్క పెడితే చూపు ఆనని పెద్దవాళ్లే నష్టపోతారు. కుట్టినవి కోవిల్‌పట్టి, విరుదునగర్ పారిశుద్ధ్య కార్మికులకు పంచాలని అనుకున్నాం.

గుడ్డకు ఇబ్బంది లేదు. రాజపాళయం దగ్గర సత్రపట్టి ఆస్పత్రుల గాజుగుడ్డకు పేరుపడ్డ ఊరు. ఎలాస్టిక్ మాత్రం ఎక్కడా దొరకలేదు. పాత చీరల అంచులు చీల్చి తాళ్లు కుట్టారు. గుడ్డ మాస్కుకు మూడు పొరలుండాలని జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అప్పట్నుంచి మూడూ వేశారు.

అందరిలోకీ పెద్దావిడ చేతిలో పనితనం ఉంది. నేను మడతలు పైకి తిప్పి పెడుతుంటే వెంటనే ఆపింది.

“కిందికి తిరగాల పాపా. పైకి తిరిగితే దుమ్మంతా దాంట్లోనే కూచుంటాది.” చెబుతూనే గోటితో మడత నొక్కి, మిషను కింద పెట్టి, కాలు ఆడించింది.

ఒకరోజు అక్క వీడియో కాల్ చేసింది. మాకు సాయంత్రం, ఆమెకు ఉదయం. అందరూ తలా ఒక మాస్కు తీసి కట్టుకున్నారు. తాళ్ల మాస్కు కట్టడం మా ఇంట్లో ఎవరికీ ఒక పట్టాన రాలేదు. వీళ్లు తల వెనక్కి చేతులు పోనిచ్చి, చూడకుండానే చకచకా ముడి వేసేశారు.

“ఎంత బాగా కట్టుకున్నారు పిన్నీ! ముందే అలవాటుందా?” అంది అక్క.

“పటాసు కార్ఖానాలో కట్టుకున్న్యాము తల్లీ” అంది పెద్దావిడ. “ఆ అల్యూమినియం పొడి ఊరికే ఎగురుతాది గదా.”

“అక్కడ మాస్కులు ఇచ్చేవాళ్లా?”

“ఇచ్చినారు తల్లీ. మంచివే ఇచ్చినారు.”

అక్క ముఖం విప్పారింది. ఆ పొడి గురించి చదివి ఎన్నిసార్లు బాధపడిందో చెప్పింది. “ఇప్పుడు కట్టుకున్నవి మీవే. ఇంటికి తీసుకెళ్లండి. పిల్లలకూ కుట్టుకోండి” అంది. అందరూ చేతులు ఊపారు. కాల్ ఆగిపోయింది.

ఫోను సంచిలో పెట్టి తలెత్తేసరికి పెద్దావిడ నా ముందు నిలబడి ఉంది. మాస్కు విప్పి, నాలుగు మడతలు వేసి, కుట్టి పెట్టిన కట్ట మీద పెట్టింది. ఆమె వెనక మిగతావాళ్లు వరస కట్టారు. ఒక్కొక్కరే విప్పుతున్నారు, మడుస్తున్నారు.

“అయ్యో, అవి మీవే అవ్వా! అక్క చెప్పింది కదా?”

పెద్దావిడ కట్టను నా వైపు జరిపింది.

“ఇస్పెక్టరు కండ్ల ముందర మా సారూ అట్లే చెప్తాడు పాపా. కారు గేటు దాటితానే తిరిగి ఇచ్చెయ్యాల. లెక్క సరిచూసుకో, మల్లా మా కూలిలో పట్టుకోవద్దు.”